మూడేళ్ల ప్రమాదాల ఎక్సెల్: హీట్‌మ్యాప్‌లో పోలీస్ స్టేషన్లే ఎర్రగా వస్తున్నాయి

ఎండాడ_ఎక్సెల్ · ఆదివారం, రాత్రి 9:12

విశాఖ మీదుగా లంకెలపాలెం నుంచి కొమ్మాది దాకా జాతీయ రహదారి 16 మీద మూడు క్యాలెండర్ సంవత్సరాల ప్రమాదాల రికార్డు ఎక్సెల్‌లో ఉంది. ఎఫ్‌ఐఆర్ నంబరు, తేదీ, టైము, సెక్షన్లు, చోటు (మాటల్లో), అక్షాంశం, రేఖాంశం, మృతులు, గాయపడినవాళ్లు. ఇవీ కాలమ్‌లు. క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో వేసి హీట్‌మ్యాప్ (చుక్కలు దట్టంగా ఉన్నచోట ఎర్రబడే మ్యాపు) తీస్తే చిక్కటి ఎరుపు జంక్షన్ల మీద కాకుండా పోలీస్ స్టేషన్ల మీదా, ఒక పెద్దాసుపత్రి గేటు మీదా పడుతోంది. కొన్ని చుక్కలు సముద్రంలో తేలుతున్నాయి. దగ్గరి చుక్కల్ని గుంపులు (క్లస్టర్లు) కట్టే డీబీస్కాన్‌లో దూరం 500 అని కొడితే ఊరంతా ఒకే క్లస్టర్ అయిపోయింది. నాకు కావలసింది బ్లాక్‌స్పాట్ల (ప్రమాదాలు పదేపదే జరిగే చోట్ల) జాబితా. దీనికి విడిగా సాఫ్ట్‌వేర్ కొనాలా, ఉన్నదాంతో అవుతుందా?

గాజువాక_జీఐఎస్ · ఆదివారం, రాత్రి 9:40

కొనడం సంగతి తర్వాత. ముందు సముద్రంలో చుక్కల్ని ఒడ్డుకు తెద్దాం.

ఎవరో డిగ్రీలు–నిమిషాలు–సెకన్లను దశాంశంగా కొట్టేశారు. 17 డిగ్రీల 43 నిమిషాల 15 సెకన్లు అంటే 17.7208. దాన్ని 17.4315 అని రాస్తే చుక్క దాదాపు 32 కిలోమీటర్లు దక్షిణానికి జారుతుంది. మన ఊరికి దక్షిణాన 32 కిలోమీటర్లంటే బంగాళాఖాతమే కదా. రేఖాంశం కూడా అంతే: 83 డిగ్రీల 18 నిమిషాలు అంటే 83.30. దాన్ని 83.18 అని రాసి ఉంటారు. నిమిషాల్ని 60తో, సెకన్లని 3600తో భాగించి డిగ్రీలకు కలిపితే చుక్క రోడ్డెక్కుతుంది.

రెండో రకం తప్పు, అక్షాంశం రేఖాంశం తారుమారు కావడం. 83.3 ఉత్తరం, 17.7 తూర్పు అంటే నార్వేకి పైన, ఆర్కిటిక్ మంచులో. లేయర్ మొత్తానికి జూమ్ కొట్టినప్పుడు భూగోళం సగం కనిపించిందంటే ఇలాంటిది ఒక్కటైనా ఉన్నట్టే. ముందుగా ఒక ఫిల్టర్ పెట్టుకోండి: అక్షాంశం 17.5–18.0, రేఖాంశం 83.0–83.5. దీని బయట పడ్డవన్నీ వేరే షీటులోకి.

డీబీస్కాన్ గొడవ ఇంకా చిన్నది. మీ లేయర్ ఈపీఎస్‌జీ 4326లో, అంటే అక్షాంశ రేఖాంశాల పద్ధతిలో ఉంది, దాని కొలమానం డిగ్రీ. 500 అంటే దానికి 500 డిగ్రీలు, భూమి చుట్టూ తిరిగొచ్చినా ఇంకా మిగులుతుంది. లేయర్‌ని ఈపీఎస్‌జీ 32644కి మార్చి సేవ్ చేయండి. అది మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతిలో 44 ఉత్తరం మండలం, విశాఖ అందులోకే వస్తుంది. అప్పుడు దూరం మీటర్లలో అడుగుతుంది. ప్రాజెక్టు సీఆర్‌ఎస్ (చోటుని కొలిచే పద్ధతి) మారిస్తే చాలదు, లేయర్‌ని రీప్రొజెక్ట్ చేసి కొత్త ఫైలుగా దించాలి. చాలామంది తప్పు చేసేది అక్కడే.

ఆ కొత్త ఫైలు షేప్‌ఫైల్ వద్దు, జియోప్యాకేజీ తీసుకోండి. షేప్‌ఫైల్ కాలమ్ పేరుని 10 అక్షరాల దగ్గర నరికేస్తుంది. తెలుగులో రాసిన చోట్ల పేర్లు కూడా ఎన్‌కోడింగ్ సరిగా లేకపోతే ప్రశ్నార్థకాలవుతాయి.

స్టేషన్_రైటర్ · ఆదివారం, రాత్రి 10:25

స్టేషన్ మీద ఎరుపెందుకంటే, ప్రమాదం నమోదు చేసే యాప్‌లో లొకేషన్ తనంతట తాను పడిందంటే అది ఫోను ఉన్న చోటు గురూ, ప్రమాదం జరిగిన చోటు కాదు. స్పాట్‌లోనే నింపితే సరిగ్గా పడుద్ది. ట్రాఫిక్ క్లియర్ చేసి, క్షతగాత్రుల్ని పంపించి, స్టేషన్‌కొచ్చి కుర్చీలో కూర్చుని నింపితే చుక్క కుర్చీ మీదే పడుద్ది. మార్కర్‌ని జరపాల, ఎవరూ జరపరు. ఆసుపత్రి గేటు కథా ఇంతే, అక్కడ స్టేట్‌మెంట్ తీసుకుంటూ నింపినవి.

పట్టుకోవడం ఇలగ. అక్షాంశ రేఖాంశాల్ని 4 దశాంశాలకు రౌండ్ చేసి (అది సుమారు 11 మీటర్లు) ఎక్సెల్‌లో పివట్ వేసి ఒక్కో జంటకి ఎన్నున్నాయో లెక్కపెట్టండి. ఒకే జంటకి అయిదారు వేర్వేరు ఎఫ్‌ఐఆర్‌లు ఉండి, చోటు కాలమ్‌లో మాత్రం వేర్వేరు పేర్లుంటే అది స్టేషనే. ఆ తర్వాత ప్రతి స్టేషన్, ఆసుపత్రి చుట్టూ 75 మీటర్ల బఫర్ (వలయం) గీసి లోపల పడ్డవాటికి గుర్తు పెట్టండి. డిలీట్ చేయొద్దు. స్టేషన్ ముందే నిజంగా గుద్దుకున్నవి కూడా ఉంటాయి.

సరిచేయడానికి ఎఫ్‌ఐఆర్ కాగితం చూడాల. నేరస్థలం గడిలో స్టేషన్ నుంచి ఏ దిక్కున, ఎంత దూరం అని ఉంటాది. "పడమర, 3 కి.మీ." లాంటిది. అది ఉజ్జాయింపే, దాంతో చుక్క పెట్టకూడదు. పెట్టిన చుక్క ఆ దిక్కున ఉందో లేదో సరిచూసుకోవడానికి పనికొస్తాది. చుక్క పెట్టడానికి పంచనామా, రఫ్ స్కెచ్ చూడండి. అందులో బంకు, గుడి, కిలోమీటరు రాయి, కల్వర్టు, ఏదో ఒక ఆనవాలు ఉంటాది.

ఎండాడ_ఎక్సెల్ · సోమవారం, ఉదయం 7:05

32644కి మార్చగానే డీబీస్కాన్ దారికొచ్చింది. సముద్రంలోవి కూడా బయటికొచ్చాయి, అన్నీ ఒకే స్టేషన్‌వి. అంటే నింపినవారి అలవాటే. రెండు అనుమానాలు. చేత్తో పెట్టిన చుక్కల్నీ జీపీఎస్ చుక్కల్నీ కలిపేయవచ్చా? డీబీస్కాన్ ఇప్పుడు ఒకచోట రెండు కిలోమీటర్ల పొడవు క్లస్టర్ ఇస్తోంది, దాన్ని బ్లాక్‌స్పాట్ అని రాయవచ్చా?

సీతమ్మధార_సివిల్ · సోమవారం, ఉదయం 8:30

రాయకూడదు. డీబీస్కాన్ గొలుసు కడుతుంది. ఒక చుక్క నుంచి 500 మీటర్లలోపు ఇంకోటి, దాన్నుంచి 500లోపు మరోటి, అలా మద్దిలపాలెంలో మొదలై హనుమంతవాక దాటిపోతుంది. జాతీయ రహదారులకు కేంద్ర రోడ్డు రవాణా శాఖ పెట్టిన నిర్వచనం వేరు: సుమారు 500 మీటర్ల రోడ్డు ముక్కలో, గత 3 క్యాలెండర్ సంవత్సరాల్లో, మరణమో తీవ్రగాయమో ఉన్న ప్రమాదాలు 5 జరిగి ఉండాలి. లేదా అన్నీ కలిపి 10 మరణాలు ఉండాలి. "లేదా" అన్న మాట మర్చిపోకండి. ఒక్క బస్సు బోల్తాపడి పదిమంది పోతే అది ఒక్క ప్రమాదంతోనే జాబితాకెక్కుతుంది. అక్కడ రోడ్డు లోపం ఉందా, బస్సు లోపమా అన్నది విడిగా తేల్చుకోవాలి.

స్వల్పగాయాలవీ, బండికి సొట్టపడినవీ ఈ లెక్కలోకి రావు. మీ హీట్‌మ్యాప్‌లో అవి కూడా కలిసి ఉంటాయి, చూసుకోండి.

చేత్తో పెట్టినవాటికి నాణ్యత అని ఒక కాలమ్ కలపండి. 1 అంటే స్పాట్‌లో తీసిన జీపీఎస్. 2 అంటే ఆనవాలు చూసి చేత్తో పెట్టింది. 3 అంటే రోడ్డు పేరు తప్ప ఏమీ తెలియనిది. బ్లాక్‌స్పాట్ లెక్కలోకి 1, 2 మాత్రమే. 3 రకాన్ని మొత్తం సంఖ్యలో చూపించండి, మ్యాపు మీద వద్దు. చాలామంది ఈ 3 రకాన్ని రోడ్డు మధ్యబిందువు మీద పడేస్తారు, అక్కడ లేని బ్లాక్‌స్పాట్ పుడుతుంది.

పోస్ట్‌జీఐఎస్_పిచ్చి · సోమవారం, ఉదయం 10:10

రోడ్డు ఒక గీత. అందుకని అక్షాంశ రేఖాంశాలతో కాకుండా చైనేజ్‌తో, అంటే రోడ్డు మొదలు నుంచి ఎంత దూరమో దాంతో లెక్క కట్టండి. నేను చెప్పే పద్ధతి:

రోడ్డు మధ్యగీతని లంకెలపాలెం వైపు నుంచి కొమ్మాది వైపుకి ఒకే ఒక్క లైనుగా గీయండి. ముక్కలుంటే కలపండి, దిశ ఒకటే ఉండాలి. ముక్కల్లో ఒక్కటి తిరగబడి ఉన్నా ఆ ముక్కలో చైనేజ్ వెనక్కి లెక్కవుతుంది, ఎక్కడా ఎర్రర్ రాదు, ఫలితం మాత్రం తప్పు. తర్వాత ప్రతి చుక్కనీ 30 మీటర్ల లోపు ఉంటేనే గీత మీదికి లాగండి. అంతకంటే దూరం ఉంటే చేత్తో చూడాల్సిందే, అది పక్కవీధి ప్రమాదం కావచ్చు. పోస్ట్‌జీఐఎస్ అనే మ్యాపు డేటాబేస్‌లో ఎస్‌టీ_లైన్‌లొకేట్‌పాయింట్ అనే ఫంక్షన్, చుక్క గీతలో ఎక్కడుందో 0కీ 1కీ మధ్య భిన్నంగా ఇస్తుంది. దాన్ని గీత పొడవుతో గుణిస్తే మీటర్లలో చైనేజ్.

ఇక ఎక్సెల్ చాలు. చైనేజ్ కాలమ్‌ని వరుసలో పెట్టి, ప్రతి ప్రమాదం దగ్గర మొదలుపెట్టి ముందుకు 500 మీటర్ల లోపు (దీన్నే కిటికీ అంటున్నాను) ఎన్ని ఉన్నాయో కౌంట్‌ఇఫ్స్ ఫార్ములాతో లెక్కించండి. ప్రతి 50 మీటర్లకీ కిటికీ జరపనక్కర్లేదు. ఎక్కువ ప్రమాదాలు పట్టే కిటికీ ఎటూ ఏదో ఒక ప్రమాదం దగ్గరే మొదలవుతుంది.

కిలోమీటరుని సగానికి కోసి డబ్బాలు కట్టే పద్ధతి మాత్రం వద్దు. ఉదాహరణకు 12.45 దగ్గర మూడు, 12.55 దగ్గర మూడు జరిగాయనుకోండి. 12.0–12.5 డబ్బాలో మూడు, 12.5–13.0 డబ్బాలో మూడు పడతాయి. రెండూ 5కి చేరవు. నిజానికి 100 మీటర్లలో ఆరు ప్రమాదాలు!

గాజువాక_జీఐఎస్ · సోమవారం, ఉదయం 10:48

పై పద్ధతికి ఒక తోక. ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర పైన ఫ్లైఓవర్, కింద గుండ్రటి కూడలి. రెండు చోట్లా జరిగిన ప్రమాదాలకి అక్షాంశ రేఖాంశాలు ఒకటే వస్తాయి. మ్యాపు తేడా చెప్పలేదు. "మట్టం" అని ఒక కాలమ్ పెట్టి, పైన–కింద అని రఫ్ స్కెచ్ చూసి నింపాలి. లేకపోతే కింద నడిచి దాటేవాళ్ల ప్రమాదాలూ పైన వేగంగా పోయే బళ్ల ప్రమాదాలూ కలిసి ఒకే బ్లాక్‌స్పాట్ అవుతాయి. రెండిటికీ మందు వేరు.

సర్వీసు రోడ్డుకీ ఇదే మాట. 30 మీటర్లలో సర్వీసు రోడ్డు కూడా మెయిన్ గీతకే అతుక్కుంటుంది. ఫోన్ జీపీఎస్ ఆరుబయట కూడా కొన్ని మీటర్లు అటూ ఇటూ ఊగుతుంది. కాబట్టి డివైడర్‌కి ఎడమ వైపు దారా (క్యారేజ్‌వే), కుడిదా, సర్వీసు రోడ్డా అన్నది చుక్కని బట్టి తేల్చకండి, కాగితాన్ని బట్టి తేల్చండి.

స్టేషన్_రైటర్ · సోమవారం, మధ్యాహ్నం 1:15

తీవ్రత కాలమ్ సంగతి ఎవరూ అడగలేదు, అసలు తిరకాసు అక్కడే ఉన్నాది.

2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) వచ్చింది. అంతకుముందు మరణమైతే ఐపీసీ 304ఏ, ఇప్పుడు బీఎన్‌ఎస్ 106(1). గాయాలకి 337, 338 బదులు 125(ఏ), 125(బీ). ర్యాష్ డ్రైవింగ్‌కి 279 బదులు 281. మీ మూడేళ్లలో ఈ తేదీ పడిందంటే ఒక్క సెక్షన్‌తో ఫిల్టర్ కొడితే సగం కేసులు ఎగిరిపోతాయి. సెక్షన్ నుంచి తీవ్రతకి ఒక చిన్న టేబుల్ కట్టుకుని, అందులోంచి వెతికి తెచ్చే వీలుకప్ ఫార్ములా పెట్టండి.

ఇంకో మెలిక. తీవ్రగాయం నిర్వచనంలో ఐపీసీ 320 ప్రకారం 20 రోజులు తీవ్రమైన నొప్పి పడాల, లేదా రోజువారీ పనులు చేసుకోలేకపోవాల. బీఎన్‌ఎస్ 116లో అది 15 రోజులు. అంటే అదే దెబ్బ ముందు స్వల్పం, తర్వాత తీవ్రం కావచ్చు. 2024 రెండో సగంలో తీవ్రగాయాల ప్రమాదాలు పెరిగినట్టు కనిపిస్తే రోడ్డుని తిట్టే ముందు ఇది గుర్తుంచుకోండి.

మరణం లెక్క 30 రోజులు. ప్రమాదం నాడు తీవ్రగాయం, 12వ రోజున మనిషి పోతాడు, సెక్షన్ మారుద్ది. మీ ఎక్సెల్ ఆ మధ్యలో దించిందైతే అందులో పాత సెక్షనే ఉంటాది. చివరి నెల డేటాని 30 రోజులు దాటాక మళ్లీ దించుకోండి.

లైట్‌హౌస్ · సోమవారం, మధ్యాహ్నం 2:02

హీట్‌మ్యాప్‌ని మరీ అంత తీసిపారేస్తున్నారే. రాత్రిపూట హైవే పెట్రోల్ బండి ఎక్కడ నిలపాలి, 108 ఎక్కడ ఉండాలి అనే ప్రశ్నకి 500 మీటర్ల కిటికీ ఏం చెబుతుంది? దానికి హీట్‌మ్యాపే నయం.

సీతమ్మధార_సివిల్ · సోమవారం, మధ్యాహ్నం 2:20

ఒప్పుకున్నాను, ఆ పనికి నయమే. అయితే రేడియస్ (ఒక్కో చుక్క రంగు ఎంత దూరం పరుచుకోవాలో ఆ దూరం) ఎంత పెట్టారో మ్యాపు మూల రాయండి. 200 మీటర్లకీ 1000 మీటర్లకీ అదే డేటా రెండు వేర్వేరు ఊళ్లలా కనిపిస్తుంది. మరణానికి ఎక్కువ వెయిట్ ఇచ్చి తీస్తే ఒక్క మరణం ఉన్న ఖాళీ రోడ్డు కూడా ఎర్రబడుతుంది. ఆ వెయిట్ ఎంతో కూడా రాయాలి. రేడియస్, వెయిట్ రాయని హీట్‌మ్యాప్ నా టేబుల్ మీదికొస్తే నేను వెనక్కి పంపిస్తాను.

అంకెల_మాస్టారు · సోమవారం, రాత్రి 8:45

ఇంతవరకూ అంతా చోటు గురించే. తక్కిన కాలమ్‌లు కూడా అంతే మురికిగా ఉంటాయి, పిల్లలూ.

మొదట వరుస అంటే ఏమిటో తేల్చుకోండి. ఒక ప్రమాదంలో ముగ్గురు గాయపడితే కొన్ని షీట్లలో మూడు వరుసలుంటాయి. అది మూడు ప్రమాదాలు కాదు. ప్రమాదం, వాహనం, మనిషి అని మూడు టేబుళ్లు విడగొట్టి, ఒక ప్రమాద ఐడీతో ముడివేయాలి. ఆ ఐడీకి ఎఫ్‌ఐఆర్ నంబరు ఒక్కటే చాలదు. 112/2023 ప్రతి స్టేషన్‌లోనూ ఉంటుంది. స్టేషన్ కోడ్, సంవత్సరం, నంబరు మూడూ అతికించండి.

తేదీలు. కంప్యూటరు అమెరికా పద్ధతిలో ఉంటే 03/08/2023ని మార్చి 8 అని చదువుతుంది. 23/08/2023 మాత్రం 23వ నెల లేదు కనుక అక్షరాలుగానే మిగిలిపోతుంది. గడిలో ఉన్నది అంకెనా కాదా చెప్పే ఇస్‌నంబర్ ఫార్ములా పెట్టి చూడండి. అంకెగా మారిన తేదీల్లో రోజు ఎప్పుడూ 12 దాటకపోతే దొంగ దొరికినట్టే. ఇంకో పరీక్ష: ఒక స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్ నంబరు పెరిగేకొద్దీ నమోదు తేదీ కూడా పెరగాలి. వరుస తప్పినవన్నీ తిరగేయండి.

టైము. 00:00 అని ఉన్నవాటిని లెక్కపెట్టండి. ఖాళీ వదిలితే అర్ధరాత్రి పడే షీట్లున్నాయి. అవి తీయకుండా గ్రాఫు వేస్తే అర్ధరాత్రి విశాఖంతా గుద్దుకున్నట్టు వస్తుంది.

కారణం కాలమ్‌ని అస్సలు నమ్మవద్దు. "అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి" అనేది సెక్షన్ నిలబడటానికి రాసే వాక్యం, ఇంజినీరింగు నిర్ధారణ కాదు. దాన్నుంచి గుండ్రటి ముక్కల చార్టు గీసి "ప్రమాదాలకు అతివేగమే కారణం" అనడం, ఎఫ్‌ఐఆర్ భాషని ఎఫ్‌ఐఆర్‌కే తిరిగి చెప్పడం. దాని బదులు గుద్దుకున్న తీరు చూడండి: వెనుక నుంచా, ఎదురెదురా, పక్క నుంచా, నడిచేవాళ్లనా, ఆగిన లారీనా. రఫ్ స్కెచ్‌లోంచి తీసి, ఏ బండి ఎటు నుంచి గుద్దిందో బాణాలతో చూపే కొలిజన్ డయాగ్రమ్ గీయండి. ఒకే 500 మీటర్లలో ఆరింటికి నాలుగు "రాత్రి, ఆగిన లారీ, వెనుక నుంచి" అని తేలితే చేయాల్సింది లారీ లే–బై (రోడ్డు పక్కన ఆపుకునే జాగా), లైటు, రిఫ్లెక్టర్ టేపు. అక్కడ స్పీడ్ బ్రేకర్ వేస్తే ఇంకో రెండు వెనుక గుద్దుళ్లు కలుస్తాయి.

ఆనందపురం_హైవే · సోమవారం, రాత్రి 9:30

సంవత్సరాల పోలికకి ఒక హెచ్చరిక. 2022 ఏప్రిల్ 4న జిల్లా మూడు ముక్కలైంది: విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు. 2021తో పోల్చి "జిల్లాలో ప్రమాదాలు తగ్గాయి" అంటే తగ్గింది జిల్లా, ప్రమాదాలు కాదు. నగర పోలీసు కమిషనరేట్ హద్దు జిల్లా హద్దు ఒకటేనని కూడా అనుకోకండి. పోలిక రోడ్డు ముక్కతోనే చేయండి.

పాత కాగితాల్లో ఎన్‌హెచ్ 5 అని ఉంటే అదే ఇప్పటి 16. ఆనందపురం–పెందుర్తి–అనకాపల్లి ఆరు వరుసల రోడ్డు వచ్చాక ఊళ్లోంచి పోయే భారీ లారీల దారి మారింది. అది తెరవకముందు ఏడాదినీ తర్వాత ఏడాదినీ ఒకే కిటికీలో కలిపితే కొన్నిచోట్ల లేని మెరుగుదల కనిపిస్తుంది.

పోస్ట్‌జీఐఎస్_పిచ్చి · మంగళవారం, ఉదయం 9:00

ఇక కొనుగోలు ప్రశ్న. బ్రిటన్‌లోని టీఆర్‌ఎల్ అనే రవాణా పరిశోధన సంస్థ వాళ్ల ఐమ్యాప్ సాఫ్ట్‌వేర్ ఉంది, ఇలాంటి రికార్డుల కోసమే కట్టింది. ప్రపంచ బ్యాంకు ఊతంతో వచ్చిన "డ్రైవర్" అనే సాఫ్ట్‌వేర్ ఉంది, ఓపెన్ సోర్స్, మొదట ఫిలిప్పీన్స్‌లో వాడారు. మన దేశంలో నమోదుకి ఐర్యాడ్, దాని తర్వాతి రూపం ఈడార్ ఎలాగూ ఉన్నాయి. ఐఐటీ మద్రాసు తయారీ, ఎన్‌ఐసీ నిర్వహణ. రెండో నమోదు యాప్ కొని సిబ్బందితో ఒకే ప్రమాదం రెండుసార్లు కొట్టించకండి. రెండూ సగం సగం నింపుతారు.

ఒక కారిడార్‌కి క్యూజీఐఎస్, పోస్ట్‌జీఐఎస్, ఎక్సెల్ సరిపోతాయి. ఎవరైనా అమ్మడానికొస్తే నాలుగు అడగండి. మొత్తం డేటా సీఎస్‌వీగా ఏ రోజైనా దించుకోవచ్చా? చైనేజ్‌తో కిటికీ లెక్క ఉందా, లేక రంగుల మ్యాపేనా? చుక్క జరిపితే పాత చోటు, జరిపినవారు, తేదీ నిలుస్తాయా? 12వ రోజు మరణాన్ని పాత రికార్డులోనే మార్చవచ్చా, కొత్తది పుడుతుందా? డెమోలో మీ మురికి ఎక్సెల్‌నే ఎక్కించమనండి. వాళ్లు తెచ్చిన శుభ్రమైన డేటాతో ఏ సాఫ్ట్‌వేరైనా మెరుస్తుంది.

షీటు బయటికిచ్చే ముందు పేర్లు, ఫోన్లు, బండి నంబర్లు తీసేయండి.

ఎండాడ_ఎక్సెల్ · మంగళవారం, రాత్రి 10:15

కొనడం మానేశాం. చైనేజ్ వేసి కిటికీ లెక్క పెట్టాక స్టేషన్ ఎరుపు పోయింది. ఒక ప్రశ్న మిగిలింది. గతంలో ఒక జంక్షన్‌లో మూడేళ్లకి 9 ఉండేవి, మార్పులు చేశాక మూడేళ్లకి 3. 67 శాతం తగ్గుదల అని రాయవచ్చా?

అంకెల_మాస్టారు · బుధవారం, ఉదయం 6:50

తొందరపడకండి. 9 ఉంది కాబట్టే కదా ఆ జంక్షన్‌ని ఎంచుకున్నారు. ఏమీ చేయకపోయినా తర్వాత కొంత దానంతటదే తగ్గేది. ఎంపిరికల్ బేయ్స్ సవరణ చేయండి, అంటే మీ సంఖ్యని అలాంటి జంక్షన్ల సగటు వైపు కొంత జరపడం. ఎక్సెల్‌లోనే అవుతుంది.

అదే రకం జంక్షన్లు, ట్రాఫిక్ కూడా దరిదాపుల్లో ఉన్నవి, డజనో ఇరవయ్యో తీసుకోండి. వాటి మూడేళ్ల సంఖ్యల సగటు, వేరియన్స్ (సంఖ్యలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) లెక్కకట్టండి. సగటుని వేరియన్స్‌తో భాగిస్తే వెయిట్, అంటే లెక్కలో సగటుకి ఇచ్చే వాటా. ఊహకి సగటు 4, వేరియన్స్ 12 అనుకుందాం. వెయిట్ మూడో వంతు. 4లో మూడో వంతు 1.33, 9లో రెండొంతులు 6, కలిపితే 7.33. మీ జంక్షన్ అసలు స్థాయి అది. 7.33 నుంచి 3 అంటే 59 శాతం. వేరియన్స్ సగటుకంటే తక్కువొస్తే వెయిట్ 1 దాటుతుంది. అప్పుడు 1 దగ్గర ఆపేయండి. అంటే ఆ జంక్షన్ల మధ్య నిజమైన తేడా కనిపించడం లేదని అర్థం.

అమెరికా రోడ్డు భద్రతా మాన్యువల్‌లో ఉన్న సూత్రాలని తెచ్చి నేరుగా పెట్టవద్దు. వాటిని అక్కడి రోడ్ల మీద కట్టారు. మన ఆటోలు, డివైడర్ దూకేవాళ్లు, రాంగ్ రూట్లో వచ్చే బైకులు అందులో లేవు.

స్టేషన్_రైటర్ · బుధవారం, ఉదయం 7:30

ఎక్సెల్ తమ్ముడూ, అసలు ఫైలుకి చేయి పెట్టలేదు కదా? దాన్ని రీడ్–ఓన్లీ చేసి పక్కన పెట్టి, జరిపిన ప్రతి చుక్కకీ కారణం ఒక కాలమ్‌లో రాయి. రేపు కోర్టు నుంచి ఎవరైనా అడిగితే ఆ చుక్క ఎందుకు కదిలిందో చెప్పాల.

ఎండాడ_ఎక్సెల్ · బుధవారం, ఉదయం 7:41

పక్కన పెట్టాను సార్. కారణాల కాలమ్ లేదు, ఇవాళ మొదలుపెడతాను. నాణ్యత 3 రకంలో ఇంకా చాలా ఉన్నాయి, "హైవే మీద, మధురవాడ" అని మాత్రమే రాసినవి. వాటి పంచనామాలు తెప్పిస్తున్నాను.